మందు పడకముందే తూలిన మనిషి

ముందే చెప్పేస్తున్నా, ఇక్కడ మందంటే తుపాకి మందు. మూతిలోంచి మందు పోసి, పైన గుండు పెట్టి, కడ్డీతో అడుగుదాకా దింపి పేల్చే రకం తుపాకి నాది. పద్ధతి ముత్తాతలది. లోపల పడే సరుకు మాత్రం పొగలేని మందు. వెనకటికి ఇలాంటి తుపాకుల్లో నల్లటి మందు పోసేవారు. (ఆ రెండు మాటలూ కలిపి రాస్తే అర్థం మారిపోయి పోలీసులు వస్తారు, అందుకే విడదీశాను.) అది కాలితే సగానికి పైగా పొగగా, మసిగా మిగులుతుంది. ఆ మసి తేమ పీల్చి గొట్టాన్ని తినేస్తుంది కూడా. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియె అనే ఆయన పొగలేని మందు కనిపెట్టాక లోకమంతా అటు మళ్లింది. మూతిలోంచి కూరేవాళ్లలో నాలాంటి కొందరం చాలా ఆలస్యంగా మళ్లాం.

నవ్వుకునే ముందు ఒక్క మాట. ఈ మందు మామూలు కూరుడు తుపాకిలో పోస్తే గొట్టం మొహం మీదే పగులుతుంది. దీనికోసమని చేసిన తుపాకిలోనే, చేసినవాళ్లు పుస్తకంలో రాసిన కొలతలోనే పోయాలి. సరే, ఇక నవ్వవచ్చు.

మా బావకి పాత రకం తుపాకి ఉంది. పేలిస్తే మబ్బు లేస్తుంది. ఆ మబ్బు విడిపోయాక చూస్తే, వంద గజాల అవతల కాగితం మీద మూడు చిల్లులూ పక్కపక్కనే ఉంటాయి. పావు డాలర్ బిళ్ల పెడితే దాదాపు మూసుకుపోతాయి. అంత ఖరీదు పోసి కొన్న నా తుపాకి చేసిన మూడు చిల్లులు మూయాలంటే టీ సాసరు కావాలి.

"పొగ లేదు కదరా, ఎక్కడ పడిందో వెంటనే కనబడుతుంది. అదీ ఒక సుఖమే," అన్నాడు బావ.

ఆ సుఖం భరించలేక సంస్కరణలకు దిగాను. మొదటిది తూకం. నల్లటి మందైతే గిద్దలో పోసినట్టు పరిమాణం చూసి పోసినా చెల్లుతుంది. ఇది అలా కాదు, తూచాలి. పౌండుకి 7000 గ్రెయిన్లు, అందులో పదో వంతు గ్రెయిను తేడా చూపించే త్రాసు తెచ్చాను. అది ఎంత సున్నితమంటే గదిలో గాలి కదిలినా అంకె మారుతుంది. కాబట్టి ఏసీ కట్టేశాను, పంకా ఆపేశాను, కిటికీలు మూశాను. జూలై నెల. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏమండీ, ఆ చిటికెడు పొడి కోసం మేమంతా ఉడకాలా?"

"మాట్లాడకు, ఊపిరికి అంకె కదులుతోంది."

రెండోది సాబో. అంటే గుండుకి వేసే ప్లాస్టిక్ చొక్కా. నా గొట్టం అర అంగుళం, గుండు అంతకన్నా సన్నం. మధ్య సందు ఈ చొక్కా పూడ్చాలి. వదులైతే మందు ఒక్కోసారి ఒక్కోలా కాలుతుంది, బిగువైతే కడ్డీ మీద వేలాడాలి. నాలుగు రకాల చొక్కాలు కొన్నాను. మా అబ్బాయికి పండక్కి కూడా అన్ని కొనలేదని ఇంట్లో ఒక వ్యాఖ్య వినబడింది, విననట్టు ఊరుకున్నాను. గొట్టం వేడిగా ఉంటే ఆ ప్లాస్టిక్ మెత్తబడి గుండు దారి తప్పుతుంది. అందుకని ఒక్కో దెబ్బకీ మధ్య పది నిమిషాలు ఆగి, చిన్న బ్యాటరీ పంకా ఒకటి గొట్టానికి పెట్టేవాణ్ణి.

"మాకు పంకా లేదు గానీ తుపాకికి పంకా," అంది మా ఆవిడ. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ.

నిప్పు వెళ్లే సూది బెజ్జం వేడికి అరిగి పెద్దదయిందేమోనని ఆ ముక్క మార్చాను. స్కోపు, అంటే గురి చూసే దుర్బీను, దాని మరలు కొలిచి బిగించే పానాతో బిగించాను. గుండు ప్రతిసారీ ఒకే లోతుకి దిగిందో లేదో తెలియాలని కడ్డీ మీద, మూతి దగ్గరికి వచ్చేచోట, గీత పెట్టాను. ఈ గీత సంగతి గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

ఇన్ని చేసినా సాసరు సాసరే. ఇదంతా వదిలేసి వేటకి కొలరాడో పోదామన్నాడు బావ. అక్కడ ఈ తుపాకుల వేట సీజన్‌లో పొగలేని మందు కూడదు, సాబో కూడదు, స్కోపూ కూడదు. ఆ మూడూ తీసేస్తే నా చేతిలో మిగిలేది దుడ్డుకర్ర.

ఆ శనివారం ఇంటి దగ్గరే తూచి చిన్న గొట్టాల్లో పోసుకున్న పన్నెండు మోతాదులు తీసుకుని ఇద్దరం రేంజికి వెళ్లాం. ఆరు పేల్చాను. ఏడోది కూరుతూ, ఏకాగ్రత ఎంత ముఖ్యమో బావకి వివరిస్తున్నాను. గుండు పెట్టాను, కడ్డీతో దించాను. గీత మూతి దాటి లోపలికి పోయింది. 'ఇవాళ భలే దిగిందే' అని సంతోషించాను. మందుకి నిప్పంటించే ప్రైమరు పెట్టి, గురి చూసి, మీట నొక్కాను.

టప్.

చప్పట్లో సగం చప్పుడు. తన్ను లేదు, మోత లేదు. కానీ నేను మాత్రం కళ్లు గట్టిగా మూసుకుని, పళ్లు బిగించి, భుజం ముందుకు తోసి, గొట్టం మూతిని బల్లకేసి వంచేసి ఉన్నాను. రాని పిడుక్కి గొడుగు పట్టినవాడిలా.

బావ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "లోకంలో మందు పడ్డాక తూలేవాళ్లని చూశాన్రా. పడకుండానే తూలింది నువ్వొక్కడివే," అన్నాడు.

మూతి కాగితం వైపే ఉంచి ఒక నిమిషం ఆగాం, లోపల నిప్పేమైనా రాజుకుంటోందేమోనని. తర్వాత బోల్టు తీసి, వెనక బిరడా విప్పి, గుండుని కడ్డీతో వెనక్కి నెట్టేశాం. మందు రేణువు కూడా లేదు. ఏడో నంబరు చిన్న గొట్టం పెట్టెలో నిండుగా కూర్చుని ఉంది, పదో వంతు గ్రెయిను కూడా తేడా లేకుండా.

బావకి ఇక హుషారు వచ్చింది. మిగిలినవి నేనే కూరాను గానీ, ప్రైమరు పెట్టే పని ఆయన తీసుకున్నాడు. నన్ను అటు తిరగమని, ఒకసారి కొత్తది, ఒకసారి కాల్చేసిన ఖాళీది పెట్టి తుపాకి చేతికిచ్చేవాడు. ఏది ఏదో నాకు తెలియదు. ఖాళీది నాలుగుసార్లు పడింది. నాలుగుసార్లూ మూతి బల్లకి దణ్ణం పెట్టింది. చివరి రెండు మోతాదులు నా తుపాకితోనే బావ కాల్చాడు. రెండు చిల్లులూ ఒకదాన్నొకటి ఆనుకుని పడ్డాయి.

ఇంటికొచ్చాక మా ఆవిడ మంచినీళ్లిచ్చి, "ఇంకే భాగం మార్చాలట అన్నయ్యగారూ?" అని అడిగింది.

"మార్చడానికి లేదమ్మా. అది నీ పెళ్లినాడే వచ్చింది," అన్నాడు బావ.

ఆవిడ ఇంకేం అడగలేదు. వెళ్లి ఏసీ వేసింది.

ఇప్పుడు రోజూ రాత్రి భోజనమయ్యాక కసరత్తు. బిరడా విప్పి గొట్టం ఖాళీ అని ఇద్దరం చూసుకుంటాం. ఖాళీ ప్రైమరు పెట్టి, గొట్టం మీద నాణెం నిలబెట్టి, అది పడకుండా మీట నొక్కాలి. మా ఆవిడ సోఫాలో కూర్చుని పేపరు చదువుతూ, తల ఎత్తకుండానే "పడింది" అంటుంది. నిన్న ఇరవైలో పదకొండు పడ్డాయి. లెక్క ఆవిడే రాస్తోంది, పాలపద్దు పుస్తకంలో.