ద్వారకాలో వాయుదానం

ఢిల్లీలో కాపురమున్నవారికి దీపావళి మరునాడు ఒక చింత మొదలవుతుంది: కిటికీ తెరవాలా, మూయాలా? తెరిస్తే ఊరి పొగంతా పడకగదిలోనికి వచ్చి కూర్చుంటుంది. మూస్తే రాత్రంతా మనం విడిచిన ఊపిరినే మళ్ళీ మనమే పీల్చుకోవలసి వస్తుంది. 2024 నవంబరు 18న నగరపు వాయు నాణ్యతా సూచీ 494కు చేరింది. ఈ అంకె ఎంత పెరిగితే గాలి అంత చెడ్డదని అర్థం. ఆ సూచీ కొలబద్దయే 500తో ముగిసిపోతుంది కనుక, వంద మార్కుల పరీక్షలో తొంభై తొమ్మిది తెచ్చుకున్నట్లే లెక్క. ఏడవ తరగతి చదువుతున్న మా అమ్మాయికి బడి మూసి ఇంటినుండే తరగతులు పెట్టారు. ఢిల్లీలోనే ఉన్న ద్వారకా పేటలోని మా నాలుగవ అంతస్తు ఇంటిలో నలుగురమూ తలుపులు బిగించుకుని, ఆవకాయ జాడీలో ముక్కల వలె ఊరుతూ ఉండిపోయాము.

మా ఇంటిలో గాలిని శుద్ధిచేసే యంత్రం ఒకటి ఉన్నది కాని, అది గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి వడగడుతుందే తప్ప కొత్త గాలిని తీసుకురాదు. ఈ సంగతి నాకు చేతిలో పట్టే మీటరు ఒకటి కొన్న తరువాత తెలిసింది. బయటి గాలిలో బొగ్గుపులుసు వాయువు, అంటే మనం ఊపిరితో విడిచే కార్బన్ డయాక్సైడు, పది లక్షల పాళ్ళలో సుమారు 420 పాళ్ళుంటే, మా పడకగదిలో తెల్లవారేసరికి 1,900 ఉండేది. ఉదయం లేవగానే నాకు తల దిమ్ముగా ఉండటానికి కారణం ఇదేనని నా భార్య శారదకు వివరించాను. రాత్రి పన్నెండు దాకా ఫోను చూడటం కూడా కారణం కావచ్చునని ఆమె అన్నది. ఆ మాటను శాస్త్రీయ దృక్పథంతో పక్కన పెట్టి, ఆరు అంగుళాల ఇన్‌లైన్ డక్ట్ ఫ్యాన్ ఒకటీ, సన్నని దుమ్మును పట్టే హెపా ఫిల్టరు అమర్చిన పెట్టె ఒకటీ తెప్పించాను.

ఇందులోని ఉపాయం నిజంగా చక్కనిది. దట్టమైన ఫిల్టరుకు మామూలు బల్ల ఫ్యానును ఆనిస్తే గాలి చాలావరకు దానిని దాటలేక వెనుదిరుగుతుంది. గొట్టం మధ్యలో ఇమిడిపోయే ఈ ఫ్యానుకు ఆ అడ్డును తట్టుకునే బలముంటుంది. బయటి గాలి ముందుగా ఫిల్టరులో దూరి, అక్కడ దుమ్మును వదిలి, ఫ్యాను గుండా గదిలోనికి వస్తుంది. వస్తున్న గాలి ఒత్తిడి వలన గదిలోని పాత గాలి తలుపు సందులగుండా తనంతట తానే వెళ్ళిపోతుంది. పెళ్ళివారితో కిటకిటలాడే ఇంటిలోనికి కొత్తవాడు దూరలేనట్లు, లోపలి ఒత్తిడి ఎక్కువగా ఉన్నంతసేపు మురికి గాలి సందులలోనుండి లోపలికి రాలేదు. ఈ ఉపమానాన్ని నేను ఇంటిలో మూడుసార్లు చెప్పాను. మూడవసారి వినడానికి మా నాన్నగారు ఒక్కరే మిగిలారు. ఆయనకు కొంచెం చెవుడు.

కిటికీ పైనున్న వెంటిలేటరు అద్దం తీయించి, దాని స్థానంలో ప్లైవుడ్ చెక్క బిగించి, ఆ చెక్కకు గుండ్రటి రంధ్రం చేయించాము. రంధ్రం దగ్గర ఫిల్టరు పెట్టె, దాని తరువాత ముడతల అల్యూమినియం గొట్టం, తరువాత ఫ్యాను, చివర గదిలోనికి జాలీ. గొట్టాన్ని వంపులు లేకుండా సూటిగా సాగదీయాలని, ప్రతి వంపూ గాలి బలాన్ని తినేస్తుందని ఎలక్ట్రీషియనుకు నేనే పాఠం చెప్పాను. ఇంత తెలిసిన నాకు ఆ ఫ్యానుకు రెండు మూతులూ అచ్చంగా ఒకే తీరున ఉంటాయని మాత్రం తెలియదు. గాలి ఎటు పోతుందో చెప్పడానికి దాని ఒంటిమీద ఒక బాణం గుర్తు ఉన్నది. ఆ బాణం ఎటువైపు ఉండాలని ఎలక్ట్రీషియను అడిగినప్పుడు నేను ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. గాలి వెళ్ళవలసినది ఫిల్టరులోనికే కదా, కనుక బాణం ఫిల్టరు వైపే ఉండాలన్నాను. అతడు ఏదో అనబోయి, నా ముఖం చూసి, మరలు బిగించి, కూలి తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి ఫ్యాను వేయగానే మీటరులో బొగ్గుపులుసు వాయువు గంటలో 700కు దిగింది. ఇంటిల్లిపాదినీ లేపి చూపించాను. అయితే అదే మీటరులో పక్కనే ఉన్న పి.ఎం. 2.5 అంకె, అంటే ఘనపు మీటరు గాలిలో అతి సన్నని ధూళి ఎన్ని మైక్రోగ్రాములున్నదో చెప్పేది, 140 నుండి 210కి ఎక్కింది. ఇరవై నాలుగు గంటల సగటు 60 దాటరాదని మన దేశపు ప్రమాణం, 15 దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కొత్త యంత్రం కదా, మూలలనున్న పాత దుమ్మును కదిలించి ఉంటుందని సమాధానం చెప్పుకుని వేగం పెంచాను. అంకె కూడా పెరిగింది. పాత దుమ్ము చాలా ఎక్కువగా ఉన్నదని నిర్ధారణకు వచ్చాను.

తరువాతి మూడు వారాలలో ఇంటిలో వింతలు జరిగాయి. వీధి తలుపు సందు రాత్రిపూట సన్నగా ఈల వేసేది. ఎన్నడూ లేనిది, స్నానాలగది జాలీలోనుండి మురుగు వాసన పడకగది దాకా నడిచి వచ్చేది. కింది అంతస్తులో ఎవరో దొంగచాటుగా కాల్చే బీడీ వాసన మాకు వేళ తప్పక అందేది. ఇవన్నీ వేరువేరు సమస్యలనుకుని వేరువేరుగా తీర్చబోయాను. తలుపుకు రబ్బరు పట్టీ, జాలీకి మూత, కింది అంతస్తువారికి కటువైన చూపు. ఒకనాడు కిటికీలోనుండి చేయి బయటికి చాచి ఫోనుతో ఫిల్టరును బయటి వైపునుండి ఫోటో తీసి చూశాను. ఢిల్లీ పొగను మూడు వారాలు మింగిన ఫిల్టరు మల్లెపువ్వులా తెల్లగా ఉన్నది. ఇది నకిలీ సరుకని, దుమ్మును అసలు పట్టడమే లేదని అమ్మినవారికి ఘాటైన ఫిర్యాదు రాశాను. ఆ ఉత్తరంలోని భాషను తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉన్నది.

సరిగ్గా ఆ వారంలోనే పక్క ఇంటి పంజాబీ పెద్దావిడ ఒక గిన్నె క్షీరాన్నంతో వచ్చింది. ఆమె బాల్కనీ మా వెంటిలేటరుకు ఆనుకునే ఉంటుంది. ఉదయం ఏడున్నరకు తమ బాల్కనీలోనికి ఇంగువ పోపు వాసన కమ్మగా వస్తున్నదని, ఊరిలో చెట్లన్నీ బూడిద రంగులో ఉంటే తమ తులసి కుండీ మాత్రం తుడవకుండానే నిగనిగలాడుతున్నదని, ఇదంతా మా ఇంటి పూజల మహిమేనని ఆమె హిందీలో మెచ్చుకుని వెళ్ళింది. నేను వినయంగా చేతులు జోడించాను. శారద మాత్రం ఆమె వెళ్ళిన వైపు చూసి, వెంటిలేటరు వైపు చూసి, చివరకు నా వైపు చూసింది.

గుట్టు విప్పినది మా నాన్నగారు. తెనాలి దగ్గర పల్లెలో నలభై ఏళ్ళు వ్యవసాయం చేసిన మనిషి. ఆ సాయంత్రం దీపం పెట్టి అగరువత్తి పట్టుకుని గదిలోనికి వచ్చిన ఆయన జాలీ కింద ఆగిపోయారు. పొగ తీగ సాగినట్లు సాగి, నేరుగా జాలీలోనికి దూరిపోతున్నది.

“ఒరేయ్ అబ్బాయీ, నీ యంత్రం గాలిని లోపలికి తెస్తుందన్నావు కదూ?”

“అవును నాన్నగారూ.”

“కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టేటప్పుడు పొట్టు ఎటు పోతే గాలి అటు పోతున్నట్లు. మరి ఈ పొగ బయటికి పోతున్నదేమిరా?”

గది నిశ్శబ్దమైపోయింది. ఫ్యాను మాత్రం తన పని తాను చేసుకుపోతున్నది. మూడు వారాలుగా అది మా గదిలోని గాలిని పీల్చి, హెపా ఫిల్టరులో శ్రద్ధగా వడగట్టి, ఢిల్లీ నగరానికి సమర్పిస్తున్నది. వెళ్ళిన గాలికి బదులు మురికి గాలి తలుపు సందునుండి ఈల వేసుకుంటూ, స్నానాలగది జాలీనుండి కంపు కొట్టుకుంటూ మా ఇంటిలోనికి వస్తున్నది. బొగ్గుపులుసు వాయువు తగ్గిన మాట నిజమే. పాత గాలి పోతున్నది కనుక తగ్గక ఏమి చేస్తుంది?

“రెండు కోట్ల మంది ఉన్న ఊరు. మన ఒక్క ఫిల్టరు ఎన్నాళ్ళకు సరిపోతుందంటారు?” అని శారద ఎంతో మెల్లగా అడిగింది.

మరునాడు వచ్చిన ఎలక్ట్రీషియను ఫ్యానును తిప్పి బిగించడానికి పది నిమిషాలు పట్టింది. నవ్వు ఆపుకోవడానికి అంతకంటె ఎక్కువ పట్టింది. పెట్టె విప్పితే ఫిల్టరుకు గది వైపున్న ముఖం నల్లగా మసిబారి ఉన్నది. దానిపై మా ఇంటి తలవెంట్రుకలు, పౌడరు, కందిపొడి ఛాయలు కూడా కనిపించాయి. కొత్త ఫిల్టరు వేసిన గంటలో మీటరులో పి.ఎం. 2.5 అంకె 35కు దిగింది. ఈల ఆగింది, మురుగు వాసన పోయింది. అమ్మినవారికి క్షమాపణ ఉత్తరం కూడా రాశాను. మొదటిదానికంటె బాగా చిన్నది.

ఒక్క విషయం మాత్రం నేను మరచిపోయాను. హెపా ఫిల్టరు ధూళి కణాలను ఆపుతుంది గాని వాసనను ఆపలేదు. దానికి బొగ్గు ఫిల్టరు వేరే ఉండాలి. ఆ ఆదివారం ఉదయం ఏడున్నరకు పక్కింటి పెద్దావిడ ముల్లంగి పరాఠాలు కాల్చే వాసన, ఒక్క రేణువు దుమ్ము లేకుండా, మా పడకగదిలోనికి ధారగా దిగింది. బొగ్గు ఫిల్టరు ధర చూద్దామని నేను ఫోను తీశాను.

నాన్నగారు మంచం మీదనే లేచి కూర్చుని, “అది తరువాత కొందువుగాని, ముందు ఆ గిన్నె కడిగి తిరిగి ఇచ్చి రారా. ఖాళీగా ఇవ్వకు, పులిహోర పెట్టి ఇవ్వు” అన్నారు.