ఇంజిన్ లేని ఉత్తరాల చదరంగం: విశాఖలో ఆడదగ్గ ఆట

దూరం నుంచి ఆడే చదరంగానికి పెద్ద దిక్కయిన అంతర్జాతీయ సమాఖ్య ఐసీసీఎఫ్ తన పోటీల్లో ఇంజిన్‌ను, అంటే మేలైన ఎత్తులు లెక్కగట్టి చెప్పే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను, అనుమతిస్తుంది. దాంతో ఇటీవలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్స్‌లో ఆటలు దాదాపు అన్నీ డ్రాలే. 1953లో తొలి టైటిల్ గెలిచిన సెసిల్ పర్డీ కాలం నాటి ఆట కావాలంటే ఇద్దరు మనుషులు ముందే మాట్లాడుకుని ఆడుకోవాలి. గాజువాకలో షిఫ్ట్ డ్యూటీ చేసేవారికీ, మధురవాడలో ఐటీ ఉద్యోగం చేసేవారికీ ఒకే పూట ఖాళీ దొరకదు. పాత పోస్టల్ పద్ధతిలో 10 ఎత్తులకు 30 రోజులు గడువు పెట్టుకుంటే ఆ చిక్కే ఉండదు. కార్డు రాసినా, వాట్సాప్‌లో పంపినా ఆట ఒకటే.

‘ఇంజిన్ వాడకూడదు’ అన్న ఒక్క మాట చాలదు. ఆట మొదటి ఎత్తులు నేర్పే ఓపెనింగ్ పుస్తకాలు సరేనా? పాత ఆటలన్నీ ఫలితాలతో పోగేసిన డేటాబేస్? ఏడు లేదా అంతకన్నా తక్కువ పావులున్న స్థితులన్నిటికీ జవాబిచ్చే టేబుల్‌బేస్? నా మటుకు పుస్తకాలు ఉండొచ్చు, టేబుల్‌బేస్ కూడదు. డేటాబేస్‌ను పదో ఎత్తు దగ్గర ఆపేయాలి. అందులో కనిపించే గెలుపు శాతం మోసం చేస్తుంది. ఆ గెలుపు ప్రత్యర్థి నలభయ్యో ఎత్తులో చేసిన పొరపాటు వల్ల వచ్చి ఉండొచ్చు. ఎత్తులు నమోదు చేసుకోవడానికి యాప్ తెరిస్తే చాలాసార్లు పక్కనే ఇంజిన్ అంచనా కనిపిస్తుంది. ఒక్క చూపుతో ఆట చెడినట్టే. అందుకే కాగితం, చెక్క బోర్డు మేలు.

బోర్డులు రెండు ఉండాలి. ఒకదాని మీద అసలు స్థితి కదలకుండా ఉంటుంది, రెండోదాని మీద విశ్లేషణ. ఒకే బోర్డుతో నెట్టుకొస్తే, ఊహలో జరిపిన పావును వెనక్కి పెట్టడం మరిచి తప్పు ఎత్తు పంపేస్తారు. నిబంధనలకు లోబడిన ఎత్తయితే, పంపాక వెనక్కి తీసుకునే వీలు లేదు.

షరతు ఎత్తులతో, అంటే ప్రత్యర్థి ఇంకా ఆడని ఎత్తుకు ముందే రాసి పంపే జవాబులతో, మరీ జాగ్రత్త. (కింది రాతలో B అంటే బిషప్, x అంటే కొట్టడం, d4 లాంటివి గళ్ల పేర్లు.) తెల్లవారు d4 ఆడితే నల్లవారు ‘g6, ఆ తర్వాత మీరు ఏది ఆడినా నాది Bg7’ అని రాశారనుకోండి. తెల్లవారు నిశ్చింతగా Bh6 ఆడతారు. రాసిన మాట ప్రకారం Bg7 పడుతుంది, Bxg7తో బిషప్ పోతుంది, మూలనున్న ఏనుగూ చిక్కుతుంది. ‘ఏది ఆడినా’ అని ఎప్పుడూ రాయకండి. ఫలానా ఎత్తుకు ఫలానా జవాబు అని రాయండి.

ప్రతి ఎత్తు పంపేముందు చూసిన వరుసలన్నీ నోట్‌బుక్‌లో రాయాలి. ఆట ముగిశాకే ఇంజిన్ తెరవాలి. అది మెచ్చిన మన ఎత్తులు లెక్కపెట్టడం కన్నా, ప్రత్యర్థి జవాబుల్లో మన నోట్‌బుక్‌లో అసలు లేనివి ఏవో వెతకడం ముఖ్యం. తర్వాతి ఆటకు సాధన అక్కడి నుంచి మొదలుపెట్టాలి.