సర్‌నేమ్ గడి గారికి బెజవాడ నుంచి వ్రాయునది

మహారాజరాజశ్రీ సర్‌నేమ్ గడి గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం వేరే అడగక్కర్లేదు. ఏ దేశం ఫారం తెరిచినా పైనే కూర్చుని దర్శనమిస్తున్నారు.

ఈ మధ్యాహ్నం బెంజ్ సర్కిల్ దగ్గర ఒక విదేశీ చదువుల కన్సల్టెన్సీలో తమరి దయవల్ల మూడు గంటలు హారతి కర్పూరమయ్యాయి. గుంటూరు నుంచి వచ్చిన అబ్బాయి, వాళ్ళ నాన్న, కీబోర్డు దగ్గర అమ్మాయి, తెర మీద అమెరికా వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160. అబ్బాయి పేరు కొల్లిపర వెంకట శివ సాయి కృష్ణ అనుకుందాం. అసలు పేరు ఎందుకులెండి, తమరి దాకా వచ్చేసరికి ఎటూ మిగలదు. "లాస్ట్ నేమ్?" అంది అమ్మాయి. "కృష్ణ" అన్నాడు. తప్పేముంది, వాడి పేరులో లాస్టున ఉన్నది అదే. అదే టైపు కొట్టేసింది. కొన్ని పేజీలు దాటి చిరునామా దగ్గరికొచ్చాక పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, "మా ఇంటిపేరు కృష్ణ ఏంటమ్మా?" అన్నారు. పాస్‌పోర్టు తీశారు. సర్‌నేమ్ అన్న చోట శుద్ధ ఖాళీ. ఐదు ముక్కలూ గివెన్ నేమ్ కింద వరసగా పడుకుని ఉన్నాయి. అప్పట్లో ఎవరు నింపారని మేనమామకి ఫోను, మేనమామ నుంచి బ్రాడీపేట నెట్ సెంటర్ కుర్రాడికి ఫోను. ఈలోగా 20 నిమిషాలు మౌసు ఎవరూ కదపలేదు. ఫారం తలుపేసుకుంది.

తమరికి తెలియని సంగతొకటి విన్నవిస్తాను. మా దగ్గర ఇంటిపేరు ముందుంటుంది. శుభలేఖలోనైనా, పదో తరగతి మెమోలోనైనా మనిషి కంటే ముందు ఇల్లు నడుస్తుంది. తాడికొండ, చేబ్రోలు, కొల్లిపర అని ఊళ్ళే ఇళ్ళ పేర్లయ్యాయి కాబట్టి మా క్లాసులో హాజరు పిలిస్తే ఆర్టీసీ బస్టాండులో ఉన్నట్టుంటుంది. మేం ముందు పెట్టుకునేదాన్ని తమరు 'లాస్ట్' అంటారు. అని, ఆ లాస్టునే ఫారంలో మొదటి గడిలో అడుగుతారు. దీని అంతరార్థం ఏ అవధానిగారైనా చెప్పాల్సిందే.

మెమోలో పేరంతా ఒకే వరస. ఆధార్‌లోనూ ఒకే వరస. పాన్ దరఖాస్తుకు మాత్రం లాస్ట్ నేమ్ కావాలి, పొడి అక్షరాలు పనికిరావు. డిగ్రీ పట్టాలో మళ్ళీ పొడి అక్షరాలే, కె.వి.ఎస్.ఎస్. కృష్ణ. న్యూమరాలజీ పిచ్చి ఉన్న ఇంట్లో అయితే చివర ఇంకో 'ఎ' కూడా తగులుతుంది. వీళ్ళందరూ ఒక్కడేనని కోర్టు దగ్గర నోటరీ చేత స్టాంపు కాగితం మీద రాయించుకోవాలి. పెళ్ళయి ఇంటిపేరు మారిన ఆడపిల్ల అయితే ఆ కాగితం వెనక ఇంకో కాగితం. ఇన్నిచోట్ల ఇన్ని రకాలుగా అడిగినా ఎవరి మీదా నాకు కోపం లేదు. తమరి మీదే. ఎందుకంటే పాస్‌పోర్టు దరఖాస్తులో తమరు ఖాళీగా ఉంటే నోరెత్తలేదు. ఆ రోజు "బాబూ, ఇంటిపేరు ఇక్కడ రాయి, తర్వాత ఏడుస్తావు" అని ఒక్క ముక్క అనుంటే సరిపోయేది. మౌనంగా ఒప్పుకుని, ఐదేళ్ళ తర్వాత అమెరికా ఫారంలో కూర్చుని గుడ్లురుముతున్నారు.

పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఖాళీగా ఉండి అన్నీ గివెన్ నేమ్ కిందే ఉంటే డీఎస్-160 రూలు ఇది: ఆ పేరంతా సర్‌నేమ్ గడిలో రాయాలి, గివెన్ నేమ్ గడిలో ఎఫ్‌ఎన్‌యూ అని కొట్టాలి. ఫస్ట్ నేమ్ అన్‌నోన్. పేరు తెలియదట! 21వ రోజున పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో మేనత్త రాసిన పేరు. నక్షత్రం చూసి మొదటి అక్షరం తెచ్చి, తాతగారి కోసం వెంకట, అమ్మమ్మ మొక్కు కోసం శివ, షిరిడి వెళ్ళొచ్చినందుకు సాయి, ఎవరికీ కోపం రాకుండా చివర కృష్ణ. వంద మంది భోజనాలు చేసి వెళ్ళారు. తెలియదట.

అసలు తేడా ఎంతో చూపిస్తాను. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున మిషను చదివే రెండు వరసలుంటాయి, వరసకు 44 స్థానాలు. పై వరసలో మొదటి ఐదూ పుస్తకం రకానికీ దేశానికీ పోతే పేరుకు మిగిలేవి 39. అందులో ఇంటిపేరుకూ పేరుకూ మధ్య రెండు బాణం గుర్తులు పడతాయి, పేరులోని ముక్కల మధ్య ఒక్కొక్కటే. మన కొల్లిపర అబ్బాయి పేరు ఇంగ్లీషులో ఇంటిపేరుతో విడదీసి రాస్తే గుర్తులతో కలిపి 35. విడదీయకుండా అన్నీ ఒక్క గుంపుగా రాస్తే 34. మొత్తం తేడా ఒక్క బాణం. ఎల్లిపాయ కారంలో రవ్వంత ఉప్పు తేడా లాంటిది. ఆ ఒక్క గుర్తు లేనందుకు వాడు విమానం దిగేసరికి పేరు లేనివాడవుతున్నాడు.

దిగాక చూడాలి. వీసాలో ఎఫ్‌ఎన్‌యూ ఉంటే చాలా రికార్డులకు అదే పాకుతుంది. యూనివర్సిటీ ఐడీ, ఈమెయిలు, హాజరు పట్టీ. ప్రొఫెసరు "ఫ్నూ" అని పిలుస్తాడు. క్లాసులో ఇంకో ఇద్దరు తెలుగువాళ్ళ పాస్‌పోర్టులు కూడా ఇలాగే ఉంటే ముగ్గురూ ఒకేసారి తలెత్తుతారు. లైబ్రరీలోనో మెస్సులోనో వారానికి 20 గంటల పని దొరికితే సోషల్ సెక్యూరిటీ నంబరు కావాలి. దిగిన పది రోజులు ఆగి వెళ్ళమంటారు, ఇమిగ్రేషన్ రికార్డు వాళ్ళ కంప్యూటర్‌లోకి చేరడానికి. పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలో దిగినట్టు రికార్డు), ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే సీటు కాగితం) మూడూ పేరును మూడు రకాలుగా పలికితే ఆ పది రోజులు ఎంతకు సాగుతాయో లెక్కలేదు. డ్రైవింగ్ లైసెన్సూ అంతే. విమానం టికెట్టు సరేసరి, కొన్ని చోట్ల ఒకే పేరు రెండు గడుల్లోనూ కొట్టాలి. (వీసాకు చూపించే బ్యాంకు బ్యాలెన్సు కోసం బావమరిది దగ్గర తెచ్చి వారం రోజుల కోటీశ్వరులయ్యే సంగతి ఈ లేఖలో ఎత్తను. దానికి వేరే రాస్తాను, వేరే గడికి.)

ఇంకో మాట. ఎఫ్‌ఎన్‌యూ ఉంటే వీసా రాదన్నది ఉత్త పుకారు. వస్తుంది. ఆ భయం పెట్టి ఫీజు లాగేవాళ్ళు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. రాదన్నది కాదు బాధ, వచ్చాక వదలదన్నది బాధ.

సరి చేయించుకోవడం కొండ తవ్వే పనేం కాదు, వరస తప్పితేనే కష్టం. ముందు పాస్‌పోర్టు. రీ-ఇష్యూ కింద పర్సనల్ పర్టిక్యులర్స్‌లో మార్పు అని ఎంచుకోవాలి. 36 పేజీల పుస్తకానికి 1500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2000. కొత్త పుస్తకం కొత్త నంబరుతో వస్తుంది, పాతది పారేయకూడదు. ఆ తర్వాతే టోఫెల్, జీఆర్‌ఈ, ఐఈఎల్‌టీఎస్, ఎందుకంటే పరీక్ష గుమ్మం దగ్గర పాస్‌పోర్టులో ఉన్న పేరే చూస్తారు. తర్వాత అప్లికేషన్లు, ఐ-20, సెవిస్ (విదేశీ విద్యార్థుల రికార్డు) ఫీజు 350 డాలర్లు, ఆఖర్న డీఎస్-160. మన వాళ్ళు సరిగ్గా తిరగేసి చేస్తారు. ఐ-20 వచ్చి, ఫీజు కట్టి, హైదరాబాదులో వీసా ఇంటర్వ్యూ స్లాటు దొరికాక పాస్‌పోర్టు తెరిచి చూస్తారు. అప్పుడు కూడా కొంప మునగదు. కొత్త పాస్‌పోర్టు స్కాన్ చేసి యూనివర్సిటీలో ఐ-20లు చూసే అధికారి డీఎస్‌ఓకి పంపితే ఐ-20 దిద్ది ఇస్తారు. సెవిస్ నంబరు మారదు కాబట్టి ఫీజు మళ్ళీ కట్టక్కర్లేదు. మునిగితే మునిగేది స్లాటే. అది దొరకడానికి రాత్రి రెండింటికి లేచి కూర్చున్న తండ్రికి ఈ మాట ఎవరు చెబుతారు? నువ్వు చెబుతావా?

అవును, నువ్వే. తమరు, గారు అన్నీ ఇందాకటితో అయిపోయాయి. వేలెడంత గీత గీసిన డబ్బావి. ఆ పెద్దాయన పొలం కాగితాల్లో, రేషన్ కార్డులో, గుడి చందా రసీదులో, ఆఖరికి ఇంటి గేటు మీద రాయించుకున్న పేరు అది. ముగ్గురి ముందు, ఏసీ గదిలో చెమట తుడుచుకుంటూ, "మాకు ఇంటిపేరు ఉందమ్మా, నిజంగానే ఉంది" అని చెప్పుకున్నాడు. ఇరవై ఏళ్ళ పిల్ల, ఏం చెయ్యాలో తెలియక, "ఉందంకుల్, పాస్‌పోర్టులో లేదు" అంది. సిగ్గుందా నీకు?

ఆ తర్వాత ఏమైందో కూడా విను. మూసుకున్న ఫారం మళ్ళీ తెరవాలంటే అప్లికేషన్ ఐడీతో పాటు మూడు చెప్పాలి: పుట్టిన సంవత్సరం, సెక్యూరిటీ ప్రశ్నకు జవాబు, ఇంటిపేరులో మొదటి ఐదు అక్షరాలు. ఇంటిపేరులో! ఏది ఇంటిపేరో తేలకే కదా మూడు గంటలుగా కొట్టుకుంటున్నది. కేఓఎల్‌ఎల్‌ఐ కొట్టారు. తెరుచుకోలేదు. స్పెల్లింగేమోనని మళ్ళీ కొట్టారు. పుట్టిన సంవత్సరం మార్చి చూశారు. సెక్యూరిటీ జవాబు అమ్మ పుట్టిల్లు పేరా, అమ్మమ్మదా అని ఇంకో ఫోను. సాయంత్రం ఆరయింది, కన్సల్టెన్సీ షట్టరు సగం దించారు, గుంటూరు బస్సుకు టైమైందని ఇద్దరూ లేచారు.

ఇట్లు,
ఇంటిపేరు ముందు పెట్టి సంతకం చేసేవాళ్ళలో ఒకరు,
విజయవాడ.

తా.క.: ఇది మడిచి పెట్టేలోపు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. ఫారం తెరుచుకుందట. కేఆర్‌ఐఎస్‌హెచ్.