ఈసారి మద్దెల నిజంగానే ఓడు

మా అమ్మాయి ఐస్ హాకీలో చేరిన మొదటి ఏడాది, మంచు మీద నిలబడితే చాలు, రెండు చీలమండలూ లోపలికి వాలిపోయేవి. దూరం నుంచి చూస్తే బ్లేడు మీద కాకుండా బూటు పక్కల మీద నడుస్తున్నట్టు ఉండేది. చూసినవాళ్లందరిదీ ఒకే మాట: "పాపకి చీలమండల్లో బలం లేదండీ." నేనూ నమ్మాను. పళ్లు తోముకునేటప్పుడు రోజూ ఒంటికాలి మీద నిలబెట్టాను. మెట్టు అంచున మునివేళ్ల మీద లేచి దిగే కసరత్తు చేయించాను. తొమ్మిదేళ్ల పిల్ల, పాపం కిక్కురుమనకుండా చేసింది. "అమ్మా, కాలు లోపల తిరుగుతోంది" అని ఒకటి రెండుసార్లు చెప్పింది కూడా. నేను లేసులు ఇంకాస్త బిగించి పంపించాను.

ఆ స్కేట్లు, అంటే అడుగున బ్లేడున్న బూట్లు, కావాలని పెద్దవి కొన్నది నేనే. ఎదిగే పిల్ల కదా, రెండేళ్లు వస్తాయని.

ఆడలేక మద్దెల ఓడు అన్నారని సామెత. మా ఇంట్లో అది తిరగబడింది. మద్దెల నిజంగానే ఓడు, మేమంతా కలిసి ఆడే పిల్లని తప్పుపట్టాం. మన పిల్లలు చాలామంది ఇప్పుడు ఈ ఆటలోకి వస్తున్నారు. వాళ్లను తీసుకొచ్చే తల్లిదండ్రుల్లో ఎక్కువమంది నాలాగే ఒక్కరోజు కూడా మంచు మీద నిలబడి ఎరగనివాళ్లు. అందుకే కాస్త గట్టిగానే చెబుతున్నాను: స్కేట్లు ఇవాళ్టి కాలికి కొనండి. వచ్చే ఏడాది కాలి సంగతి వచ్చే ఏడాది చూసుకుందాం.

మామూలు షూ కొంచెం వదులైతే పెద్ద ప్రమాదం లేదు. కింద అట్ట వెడల్పుగా ఉంటుంది, నేల దాన్ని మోస్తుంది. స్కేటు కింద ఉన్నది దాదాపు 3 మిల్లీమీటర్ల మందం ఉన్న బ్లేడు. కాలు ఎటు వాలితే బూటు అటు వాలాలి, ఆ క్షణంలోనే వాలాలి. మలుపు తిరగడం, ఆగడం, తోసుకుంటూ పోవడం అన్నీ దాని మీదే నడుస్తాయి. బూటు వదులైతే కాలు ముందు లోపలే ఒరుగుతుంది, బూటు లోపలి గోడకి తగిలేదాకా ఒరుగుతుంది, తగిలాక అక్కడే ఆనుకుని ఉండిపోతుంది. బయట నుంచి చూసేవాళ్లకి అది చీలమండ బలహీనతలాగే కనిపిస్తుంది. బాగా వ్యాయామం చేసే పెద్దవాళ్లకైనా అద్దె స్కేట్లు, అందులోనూ వందమంది తొడిగి మెత్తబడ్డవి, ఒక సైజు పెద్దవి ఇచ్చి చూడండి. వాళ్ల చీలమండలూ అలాగే వాలతాయి.

మా గుట్టు బయటపెట్టింది స్కేట్లు సాన పట్టే ఒక పెద్దాయన. బ్లేడు కోసం వెళ్తే ఆయన బ్లేడు వైపు చూడలేదు. లేసులు కట్టి ఉన్న పాప బూట్ల మీద చూపు నిలిపారు. రంధ్రాల వరుసలు రెండూ ఒకదానికొకటి తగులుతున్నాయి. నేను బిగించి బిగించి అక్కడిదాకా తెచ్చాను, అరచేతిలో ఎర్రటి గీతలు పడేలా. బాగా అమరిన బూటులో ఆ రెండు వరుసల మధ్య ఖాళీ ఉండాలట. పెద్దవాళ్ల బూట్లయితే ఒకటిన్నర, రెండు అంగుళాలు, అదీ పై నుంచి కిందదాకా ఇంచుమించు సమానంగా. ఆయన బూటు విప్పి, లోపల అడుగున పరిచి ఉండే ఇన్‌సోల్ బయటికి లాగి నేల మీద పెట్టి, మడమ వెనక అంచుకి ఆనించి దాని మీద నిలబడమన్నారు. బొటనవేలి ముందు ఇంకా నా వేలు ఒకటి పట్టేంత ఇన్‌సోల్ ఖాళీగా కనిపించింది. "చీలమండలు బాగానే ఉన్నాయమ్మా, బూటే బాగాలేదు" అన్నారు. నాకు సిగ్గేసింది. పాప మాత్రం చంకలు గుద్దుకుంది, కసరత్తు తప్పిందని.

పొరపాటు ఎక్కడ జరిగిందో తర్వాత లెక్క వేసుకున్నాను. పాప షూ సైజు 3. ఎదుగుదలకి అర సైజు కలిపి 3.5 తెప్పించాను. అర సైజే కదా పెంచానన్నది నా ధైర్యం. హాకీ స్కేట్ల నంబరు మామూలు షూ నంబరుకి సమానం కాదని నాకు తెలియదు. సాధారణంగా స్కేటు సైజు షూ సైజుకన్నా 1 నుంచి 1.5 తక్కువ ఉంటుంది. పాప కాలికి సరిపోయింది 2. అంటే నేను కొన్నది సైజున్నర పెద్దది. షూ కొలతల్లో ఒక సైజు అంటే అంగుళంలో మూడో వంతు, దాదాపు 8.5 మిల్లీమీటర్లు. పూర్వం ఇంగ్లండులో బార్లీ గింజ పొడవుతో కొలిచిన అలవాటు నంబర్లలో ఇప్పటికీ మిగిలి ఉంది. ఆ లెక్కన మా పాప బూటులో అర అంగుళం గాలి ఉంది. అర అంగుళం వినడానికి ఏముంది! బ్లేడు మీద నిలబడ్డవాళ్లకి అది చాలా ఎక్కువ.

నంబరు ఒక్కటే పట్టుకుని ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేయడం నాకు అందుకే గిట్టదు. పాదానికి పొడవొక్కటే ఉందా? దుకాణాల్లో కాలు పెట్టి కొలిచే లోహపు పలక ఒకటుంటుంది, 1920ల్లో అమెరికాలో ఛార్లెస్ బ్రానాక్ తయారుచేసింది. అది మూడు కొలతలు చెబుతుంది: మడమ నుంచి వేలి చివరిదాకా పొడవు, మడమ నుంచి బొటనవేలి మొదట్లో ఉండే ఉబ్బుదాకా పొడవు, వెడల్పు. అది చెప్పనిది ఇంకొకటుంది, పాదం ఎత్తు. మీగాలు ఎత్తుగా ఉన్న పిల్లకి, చదునుగా ఉన్న పిల్లకి పొడవు, వెడల్పు ఒకటే అయినా ఒకే బూటు పట్టదు. ఎక్కువమంది వదిలేసేదీ, ఎక్కువ నొప్పి పెట్టేదీ ఈ కొలతే అని నా అభిప్రాయం. బూటు లోతు చాలకపోతే లేసులు చీలమండ ముందు భాగాన్ని కోసేస్తుంటాయి. లేస్ బైట్ అంటారు దాన్ని. పిల్లలు మెట్లు దిగేటప్పుడు కూడా మూలుగుతారు.

లోతు చూడటానికి ఒక పెన్సిల్ చాలు. స్కేటు తొడిగి, మడమ వెనక్కి ఆనించి, లేసులు బిగించకుండా టంగ్‌ని, అంటే లేసుల కింద ఉండే నాలుకని, ముందుకి వంచండి. పై నుంచి మూడో జత రంధ్రాల దగ్గర పెన్సిల్‌ని అడ్డంగా, రెండు అంచుల మీదా ఆనేలా పెట్టండి. కాలికి తగలకుండా చక్కగా ఆనితే లోతు సరిపోయినట్టే. కాలు అడ్డొచ్చి పెన్సిల్ ఒకవైపు లేచిందంటే ఆ బూటు ఆ కాలిది కాదు. సైజు పెంచితే తీరే బాధ కాదిది, ఆకారమే మారాలి. కంపెనీలు అందుకే వేర్వేరు ఆకారాల్లో తయారుచేస్తాయి. బావర్ వాళ్లవి ఫిట్ 1, ఫిట్ 2, ఫిట్ 3 అని సన్నం నుంచి భారీ వరకు ఉంటాయి. సీసీఎం వాళ్లు టేపర్డ్, రెగ్యులర్, వైడ్ అంటారు. పాత జతల మీద డి అని ఉంటే మామూలు వెడల్పు, ఈఈ అని ఉంటే ఎక్కువ వెడల్పు.

తొడిగి చూసే పద్ధతి దగ్గర మాత్రం తొందరపడొద్దు. సాయంత్రం వెళ్లండి, పాదాలు ఉదయంకన్నా కొంచెం ఉబ్బి ఉంటాయి. ఆటలో వేసుకునే సాక్సే, పల్చటిదే, తీసుకెళ్లండి. రెండు పాదాలూ ఒక్కలా ఉండవు కాబట్టి పెద్దదాని ప్రకారం చూడండి. బూటు తొడిగాక మడమని నేలకి రెండు దెబ్బలు కొట్టి వెనక్కి కూర్చోబెట్టాలి, ఆ తర్వాతే లేసులు. వేళ్ల దగ్గర వదులుగా, మధ్యలో గట్టిగా, పైన మోకాలు వంచడానికి వీలుగా. నిటారుగా నిలబడితే వేళ్ల కొసలు ముందు గోడని తాకీ తాకనట్టు ఉండాలి. మోకాళ్లు వంచగానే మడమ వెనక్కి జరిగి వేళ్లు ఆ గోడని వదలాలి. మడమ మాత్రం పైకి లేవకూడదు. వేళ్లు ముడుచుకుంటే చిన్నది. అసలు తాకకపోతే పెద్దది.

పిల్లల విషయంలో ఒక చిక్కుంది. "ఎలా ఉందమ్మా?" అని అడిగితే ఏ పిల్లైనా "బాగుంది" అనే అంటుంది. కొత్త స్కేట్లతో ఇంటికెళ్లాలన్న ఆత్రం ముందు ముడుచుకున్న వేలు ఏపాటి? అందుకని అడగడం మానేసి వేలు పెట్టి చూడండి. లేసులు విప్పి, కాలిని బూటు ముందుకి తోయించి, మడమ వెనక మీ చిటికెన వేలు పెట్టండి. కష్టంగా దూరితే సరే. చూపుడు వేలు హాయిగా దిగిపోతే పెద్దది. ఎదుగుదలకి ఎంత వదలాలి అని అడిగితే నా జవాబు అర సైజు, అంటే 4 మిల్లీమీటర్లు, అంతకు మించి వద్దు. ఆపైన నెలకోసారి అదే వేలు.

మరీ బిగుతు గొప్ప అనుకునేవాళ్లూ ఉన్నారు. బాబీ ఓర్ సాక్సుల్లేకుండా ఆడాడు, పాల్ కాఫీ తన కాలికన్నా బాగా చిన్న స్కేట్లు వేసుకునేవాడు, నిజమే. ఇద్దరూ ప్రపంచస్థాయి ఆటగాళ్లు, వాళ్ల కాళ్లు వాళ్ల ఇష్టం. మనింటి పిల్ల ఆట మధ్యలో పాదం తిమ్మిరెక్కి బెంచీ మీద కూర్చుంటే అందులో గొప్ప ఏమీ లేదు. పెద్ద ఆటగాళ్లు వాడే మోడలే కావాలని పట్టుబట్టడం కూడా ఇలాంటిదే. ఆ బూట్లు బరువైన మనుషులు బలంగా తోసే తోపుకి తట్టుకునేలా రాయిలా గట్టిగా ఉంటాయి. తేలికపాటి పిల్ల వాటిలో చీలమండ ముందుకి వంచలేదు, కర్రకాళ్ల మీద ఉన్నట్టు బిగుసుకుపోతుంది.

"కొంచెం అటూఇటూ అయినా బేక్ చేయిస్తే సరిపోతుంది కదా" అని చాలామంది అంటుంటారు. బూటుని ప్రత్యేకమైన ఓవెన్‌లో 80 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో కొన్ని నిమిషాలు వేడిచేసి, మెత్తబడ్డాక తొడిగి లేసులు కట్టి, నిలబడకుండా పది పదిహేను నిమిషాలు కూర్చుంటే అది పాదం ఆకారంలోకి కుదురుకుంటుంది. తర్వాత ఒకరోజు పాటు మంచు మీదికి వెళ్లకూడదు. ఎముక ఒత్తుకునే చోట ఇది బాగా పనిచేస్తుంది. తప్పు సైజుని ఒప్పు సైజుగా మార్చదు, అర అంగుళం గాలిని బేక్ చేసి ఏం చేస్తాం? అన్ని మోడళ్లూ దీనికి పనికిరావు కూడా. దయచేసి వంటింటి ఓవెన్‌లో మాత్రం పెట్టకండి. ఇంకో సంగతి, సగం రోజు పోగొట్టుకుని నేర్చుకున్నాను కాబట్టి చెబుతున్నాను. కొత్త స్కేట్ల బ్లేడుకి చాలావరకు సాన పట్టి ఉండదు. అలాగే దింపితే పిల్ల నిలబడలేదు, మళ్లీ ఆ నింద చీలమండల మీదికే పోతుంది.

ఇన్ని చెప్పాక అసలు ప్రశ్న మిగిలే ఉంది. ఏడాది తిరక్కుండా కాలు పెరిగిపోతుంటే ప్రతిసారీ కొత్తవి కొనాలా? పెద్ద సైజు కొనడానికి మనల్ని తోసేది ఈ లెక్కే, దాన్ని తేలిగ్గా తీసిపారేయను. కానీ దానికి జవాబు మన చేతుల్లోనే ఉంది. ఒక ఇంట్లో చిన్నవైపోయిన జత ఇంకో ఇంట్లో పిల్లకి సరిగ్గా సరిపోతుంది. మన తెలుగు సంఘంలో ఇన్ని కుటుంబాలున్నాయి, ఎవరి గరాజ్‌లో చూసినా ఒకటో రెండో జతలు మూలనపడి ఉన్నాయి. అన్నీ ఒకచోట చేర్చి, ఒక్కోదానికి సైజు, వెడల్పు రాసిన చీటీ కట్టి ఉంచితే చాలు.

వాడిన బూటు ఇంకొకరి కాలికి అలవాటు పడిపోయి ఉంటుందన్న అభ్యంతరం సబబే. పెద్దవాళ్లు ఏళ్ల తరబడి వాడిన జతలైతే నేనూ వద్దనే అంటాను. పిల్లలు ఒక సీజన్ వేసుకుని వదిలేసినవి సాధారణంగా అంత పాడై ఉండవు. తీసుకునేముందు చీలమండ దగ్గర రెండువైపులా చేత్తో నొక్కి చూడండి, గుడ్డలా లోపలికి పోతే వదిలేయండి. సాన పట్టగా పట్టగా బ్లేడు ఎంత అరిగిందో, దాన్ని బూటుకి పట్టి ఉంచే కింది రివెట్లు వదులయ్యాయో లేదో చూడండి. పాత ఇన్‌సోల్ పారేసి కొత్తది వేయండి. ఆపైన పెన్సిలూ, చిటికెన వేలూ మామూలే.

సైజు 2కి మారిన రోజునే మా పాప చీలమండలు నిటారుగా నిలబడ్డాయని రాస్తే బాగుండేది కానీ అలా జరగలేదు. నెలల తరబడి గోడకి ఆనుకున్న కాలు ఆ అలవాటు మానడానికి రెండు మూడు వారాలు పట్టింది. లేసుల రంధ్రాల మధ్య మాత్రం మొదటిరోజే ఖాళీ కనిపించింది, నా చేతికి గీతలు పడలేదు.

ఆ జత కూడా ఇప్పుడు చిన్నదైపోయింది. మొన్న ఆదివారం వేలు పెడితే గోరు కూడా దూరలేదు. సైజు 2, మామూలు వెడల్పు, ఒక సీజన్ వాడినవి. సాన పట్టించి, కొత్త లేసులు వేసి మా గరాజ్‌లో పెట్టాను. కావలసినవాళ్లు వచ్చి తీసుకెళ్లవచ్చు. పిల్లని మాత్రం వెంటబెట్టుకు రండి. కాలు చూడకుండా ఇవ్వను.