మా పడగ్గది ఫ్యాను గారికి

మహారాజశ్రీ సీలింగ్ ఫ్యాను గారికి, మీ కింద పడుకునేవాడు నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ బేరింగుల క్షేమం గురించే ఈ ఉత్తరం.

మూడేళ్ల కిందట మీరు 'కిర్ర్... టక్' అని మొదలుపెట్టినప్పుడు నాలుగు రాత్రులు నాకు నిద్ర లేదు. రెగ్యులేటర్ మూడు మీద పెడితే 'టక్' పోయేది, ఐదు మీద పెడితే 'కిర్ర్' పోయేది. ఐదో రాత్రి హాయిగా నిద్రపట్టింది. మీరే బాగుపడ్డారనుకున్నాను. కాదు, నేనే మిమ్మల్ని లెక్కచేయడం మానేశాను.

నన్నొక్కణ్ణే అనకండి. 1887లోనే అమెరికాలో పెకమ్ అనే ప్రకృతి పరిశోధక దంపతులు సాలీడు దగ్గర ట్యూనింగ్ ఫోర్కు మోగించి చూశారు. మొదట్లో భయపడి దారం పట్టుకుని కిందికి జారిపోయేది. మోగించగా మోగించగా కదలడమే మానేసింది. తర్వాత ఎరిక్ కాండెల్ అనే నాడీ శాస్త్రవేత్త అప్లీసియా అనే సముద్రపు నత్త మీద పడ్డాడు. దాని గొట్టాన్ని తాకితే మొప్పను గభాల్న ముడుచుకునేది. పదే పదే తాకితే, పోనీలే అని ఊరుకునేది. చర్మమేమీ మొద్దుబారలేదు. తాకిడి కబురు మోసే నాడీకణం, పక్క కణానికి అందించే రసాయనంలో కోత పెట్టింది. అదే నత్తకు తోక మీద ఒక్క షాకు ఇస్తే, గొట్టం తాకగానే మళ్లీ మునుపట్లా ముడుచుకుంది. 2000లో ఆయనకు నోబెల్ వచ్చింది. నాకు మా బాబాయి వచ్చాడు.

పెళ్లికని వచ్చినాయన రాత్రి రెండింటికి మంచినీళ్ల కోసం చీకట్లో తడుముకుంటూ స్టీలు బిందె పడేశాడు. ఠంగ్! గుండె ఝల్లుమంది. లైటేసి, సొట్ట చూసి, "ఏం కాలేదులే బాబాయ్" అని వచ్చి పడుకున్నానా... కిర్ర్. టక్. కిర్ర్. టక్. మూడేళ్ల తర్వాత! బిందె పడింది వంటింట్లో, నిద్రలేచింది మీరు.

(ఇంకో విడ్డూరం. కరెంటు పోయి మీరు ఆగితే, ఉక్కపోత మొదలవకముందే మెలకువ వచ్చేస్తుంది. వినడం లేదంటూనే లోపల ఎవడో మీకు రోజూ హాజరు వేస్తున్నాడన్నమాట.)

పొద్దున్నే మా ఆవిడతో, "ఫ్యాను బేరింగులు పోయినట్టున్నాయి, గమనించావా?" అన్నాను.

"మూడేళ్ల నుంచి రోజూ చెబుతున్నాను."

ఒక్కసారి కూడా విన్న గుర్తు లేదు. ఆ మాటే పైకి అనబోయి ఆగాను. సొట్ట బిందె ఆవిడ చేతిలోనే ఉంది.

సాయంత్రం ఎలక్ట్రీషియన్ వస్తున్నాడు.

ఇట్లు,
మీ కిందివాడు