ఏ రోజు రేటు కట్టారు సార్?

డార్క్ వెబ్ (మామూలు బ్రౌజర్‌కి అందని ఇంటర్నెట్ మూల) మీద ఏ తెలుగు వీడియో తెరిచినా ముందో మంచుకొండ బొమ్మ, ఆ వెంటనే గొంతు తగ్గించి "వేల కోట్ల చీకటి వ్యాపారం" అని ఓ డైలాగు. ఆ కోట్లు ఎవరు లెక్కపెట్టారో, ఎలా పెట్టారో ఒక్కరూ చెప్పరు. నాకు కాలేది అక్కడే.

అక్కడ మత్తుమందులమ్మిన సిల్క్ రోడ్ అనే సైటు సంగతే చూడండి. 2013 అక్టోబరులో ఎఫ్‌బీఐ దాన్ని మూసినప్పుడు కేసు కాగితాల్లో అమ్మకాలు 120 కోట్ల డాలర్లు. తర్వాత విచారణలో అదే ప్రభుత్వం చెప్పింది 21.39 కోట్లు. ఐదోవంతు కూడా లేదు! మొదటిసారి, రెండున్నరేళ్ళలో చేతులు మారిన 95 లక్షల బిట్‌కాయిన్లకి 2013 రేటు కట్టేశారు. 2012 మొదట్లో బిట్‌కాయిన్ ఐదారు డాలర్లే. నాయనమ్మ కాసులపేరుకి ఇవాళ్టి బంగారం రేటు కట్టి, తాతయ్య ఆ కాలంలోనే లక్షలు పోశాడని చెప్పుకున్నట్టుంది.

ఒళ్ళు వంచి లెక్కపెట్టినవాళ్ళూ ఉన్నారు. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో నికొలస్ క్రిస్టిన్ 2012లో దాదాపు ఆర్నెల్లు ఆ సైటు పేజీలు దించుకుని, నెలకి సుమారు 12 లక్షల డాలర్లని తేల్చాడు. అమ్మకాల చిట్టా ఎవడూ చూపించడు కదా, దొరికేది కొన్నవాళ్ళ రివ్యూలే. వాటిని ధరతో గుణించాలి. సులువే అనిపిస్తుంది. కానీ సరుకు అయిపోయినవాడు దాని పేజీ (లిస్టింగ్) తీసేస్తే, దాంతోపాటు సంపాదించుకున్న మంచిపేరూ పోతుంది. అందుకని ఎవరూ కొనకుండా ధర ఆకాశంలో పెట్టి కూర్చుంటాడు. (మా వీధి కర్రీ పాయింట్ ఆయనే నయం, "అయిపోయింది సార్" అనేస్తాడు.) సరిగ్గా ఆ రోజు పేజీలు దించే మన ప్రోగ్రాం వెళ్ళి ఆ ధర పట్టుకొచ్చి పాత రివ్యూలన్నిటితో గుణిస్తే, చిన్న గంజాయి పొట్లాల వ్యాపారి రాత్రికి రాత్రి కోటీశ్వరుడు. 2015లో సోస్కా అనే ఇంకో పరిశోధకుడితో కలిసి క్రిస్టిన్ ఇలాంటి 16 మార్కెట్ల లెక్క తీసినప్పుడు ఇలాంటి దొంగ ధరలు ఏరిపారేయాల్సి వచ్చింది. అన్నీ కలిపి రోజుకి 3 నుంచి 5 లక్షల డాలర్లు తేలింది.

చిన్న వ్యాపారమని నేననట్లేదు. 2022 ఏప్రిల్లో జర్మన్ పోలీసులు మూయించిన రష్యన్ మార్కెట్ హైడ్రా, 2020 ఒక్క ఏడాదిలో 123 కోట్ల యూరోలు చేసిందని వాళ్ళ అంచనా. అదీ కనీసం. కస్టమర్ ఖాతాలు 1.7 కోట్లన్నారు. వెంటనే మనవాళ్ళు "1.7 కోట్ల మంది కొన్నారు" అని థంబ్‌నెయిల్ కొట్టేస్తారు. ఖాతాలండీ, మనుషులు కాదు. మా ఇంట్లో నలుగురం, ఫేస్‌బుక్ ఖాతాలు ఏడు. రెండు మా తమ్ముడు పాస్‌వర్డ్ మర్చిపోయినవి.