శ్రీకారానికి 510 బైట్లు

కంప్యూటర్లకు సంప్రదాయం మీద గౌరవం లేదని బాధపడే పెద్దలు ఒక్కసారి సొంత ఆపరేటింగ్ సిస్టమ్‌కు స్టార్టప్ కోడ్ రాసి చూడవలసిందిగా మనవి. నా బల్ల మీది ఎక్స్86 ప్రాసెసర్ ఎంత గొప్పదైనా, బయాస్ (యంత్రం ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాము) పద్ధతిలో మేల్కొన్నప్పుడు 1978 నాటి తాతగారు 8086 వేషం కట్టుకునే నా కోడు ముందుకు వస్తుంది. ఆ వేషంలో ఉన్నంతసేపు ఒక మెగాబైటుకు మించిన మెమరీని ఎరగనట్టే ప్రవర్తిస్తుంది. మన ఇళ్లలో పితృభక్తి ఏడాదికొక తద్దినంతో సరి. ఇక్కడ రీస్టార్ట్ చేసినప్పుడల్లా పెట్టవలసిందే.

బయాస్ అనే పురోహితుడు డిస్కులోని మొదటి 512 బైట్లను మెమరీలో 7సి00 అనే చిరునామాలో దించుతాడు. చివర 55, ఏఏ అనే రెండు బైట్లు కనిపిస్తేనే ముహూర్తం ఖాయం చేస్తాడు కనుక మనకు మిగిలేవి 510. అందులోనే ఏ20 ద్వారం, అంటే మెమరీ చిరునామాలు మోసే 21వ లైను (లెక్క సున్నా నుంచి కనుక పేరు ఏ20), తెరవాలి. 8086కు 20 అడ్రస్ లైన్లే ఉండడం వల్ల మెగాబైటు దాటిన చిరునామా చుట్టుతిరిగి సున్నాకు చేరేది. ఆ లోపాన్నే నమ్ముకుని బతికిన ప్రోగ్రాములు కొన్ని ఉన్నందున, 1984లో ఐబీఎం వారు తమ ఏటీ యంత్రంలో ఈ 21వ లైనుకు తాళం వేసి, చెవిని కీబోర్డు కంట్రోలర్ చేతికిచ్చారు. మెమరీ తాళంచెవి కీబోర్డు దగ్గర ఎందుకని అడగరాదు. అక్కడ ఒక పిన్ను ఖాళీగా ఉంది.

"గ్రబ్ అనే రెడీమేడ్ స్టార్టప్ ప్రోగ్రాము పెట్టుకుంటే ఇదంతా అదే చేసి, 32 బిట్ల మోడ్‌లో మీ కెర్నెల్‌కు, అంటే సిస్టమ్ అసలు భాగానికి, అప్పగిస్తుంది కదండీ" అన్నారొక మిత్రులు. ఆవకాయ కొట్లో దొరుకుతుందని ఇంట్లో పెట్టడం మానేసిన మనిషి ఆయన.

ఇక మెమరీలో ఏ భాగం దేనికో ప్రాసెసర్‌కు చెప్పే జీడీటీ పట్టిక. ఒక్కో వరుసకు 8 బైట్లు. మొదటి వరుసను, రాని పెద్దమనిషికి విస్తరి వేసినట్టు, ఖాళీగా వదలాలి. రెండో వరుసలో 9ఏ అని రాయవలసిన చోట నేను 92 అని రాశాను, అంటే కోడు ఉన్న చోటును డేటా అని ప్రకటించాను. ప్రాసెసర్ అభ్యంతరం చెప్పబోయింది. వినే ఏర్పాటు నేనింకా చేయలేదు. ఆ సంగతి మీద మరో అభ్యంతరం, దాని మీద మూడోది, అంతటితో రీసెట్. నా కోడును పరీక్షించే ఉత్తుత్తి కంప్యూటర్ క్యూఈఎంయూ కిటికీ అర్ధరాత్రి దాకా మిణుకుమిణుకుమంటూ ఉంటే, ఇంట్లోవాళ్లు ట్యూబ్‌లైటు స్టార్టర్ పోయిందనుకున్నారు. పోయింది స్టార్టరే.

మూడు వారాలకు తెర చేతికి వచ్చింది. బి8000 చిరునామాలో ఒక బైటు అక్షరానికి, మరొకటి రంగుకు. శ్రీకారం చుట్టుదామంటే ఆ టెక్స్ట్ మోడ్ ఫాంటులో ఉన్న 256 గుర్తుల్లో తెలుగు ఒక్కటీ లేదు. పై ఎడమ మూలన ఇంగ్లీషు 'ఎస్' పెట్టి, రంగు బైటులో 0ఈ వేసి, పసుపు మాత్రం రాశాను.